పలుచని చేను

ఆపరా! ఇంజన్ ఆపు ముందు. ఆ మోతలో నా గొంతు నీకేం వినిపిస్తుంది? అక్క ట్రాక్టర్‌కి అడ్డం నిలబడినా ఆగవా? తొక్కించేస్తావా ఏంటి?

ఆఁ, అలా దారికి రా.

నాకో మాటైనా చెప్పకుండా చేను దున్నేద్దామని బయల్దేరావా? పలుచగా ఉందనేగా? సాళ్ల మధ్య మట్టి కనిపిస్తోందనేగా? చలికాలంలో గోధుమ ఇలాగే ఉంటుందిరా బాబూ!

పోయినేడు ఈ చేను చెరిసగం విత్తాం, మర్చిపోయావా? నీ సగంలో గింజలు ఒత్తుగా కుమ్మరించావు. పచ్చగా చాప పరిచినట్టు లేచింది, నిజమే. చివరికేమైంది? సన్నసన్న కాడలు, ఒకదాన్నొకటి తోసుకుని తోసుకుని, ఒక్క గాలివానకి మొత్తం నేలకొరిగింది. కోత మిషనువాడు చూసి తల అడ్డంగా ఊపాడు.

మరి నా సగం? నీ గింజల్లో సగమే వేశాను. మొక్కమొక్కకీ మొదలు చుట్టూ గుబురుగా పిలకలు, పిలకపిలకకీ వెన్ను! నిటారుగా నిలబడింది. అవునా కాదా?

ఏంటా చూపు? తెలుసులే. ఈసారి వానలు వదల్లేదు, ఆలస్యంగా విత్తాం. "అక్కా, చలి ముదిరితే పిలకలు వేసే టైమ్ ఉండదు, గింజలు పెంచుదాం" అన్నావు. అన్నావురా, కాదనను. నేనేమన్నాను? నీ పెళ్లాం ముందే, "పంటని పడుకోబెట్టినవాడివి, నువ్వా నాకు చెప్పేది?" అని పగలబడి నవ్వాను. చేనంతా నా లెక్కనే పలుచగా వేయించాను.

అయితే? అది మనసులో పెట్టుకుని దున్నేస్తావా? ఉండు, అక్కడే కూర్చో. ఒక్క మొక్క పీకి నీ చేతిలో పెడతా. పిలకలు నువ్వే లెక్కపెట్టుకో.

ఇదిగో... ఇది గట్టు పక్కది, లెక్కలోకి రాదు. లోపలికి వెళ్లి చూద్దాం. ఇది... ఒంటి కాడే. దీనికీ అంతే. ఇది? ఛ, చలికి వేళ్లు కొంకర్లు పోయాయి, మట్టి దులపడం కూడా రావట్లేదు.

నువ్వెందుకు దిగావు? వద్దు, నువ్వు పీకకు. చాల్లే. చూశాంగా.

ఒక్కదానికీ పిలక లేదురా.

నిజం చెప్పనా? మొన్న ఒక్కదాన్నే వచ్చాను. వంగి ఒక్క మొక్క పీకి చూడ్డానికి ధైర్యం చాల్లేదు. గట్టు మీంచే తిరిగొచ్చి, చేను బ్రహ్మాండంగా ఉందని నీకు చెప్పాను.

దున్నెయ్. వేరే ఏదైనా వేసుకుందాం.

ఏం, నవ్వవేంరా? నేను నవ్వలేదూ, అందరి ముందూ? నువ్వూ నవ్వు. అలా నా చేతుల మట్టి తుడుస్తూ కూర్చుంటే, నేనేమైపోవాలి?