రెండు సేర్ల మీట

యుద్ధం మొదలై తూటాలకు కరువొచ్చిన ఏడు. చింతామణి సంతపేటలో కాళాచారి కొలిమి. తుపాకులు సర్కారు లైసెన్సుతో బాగుచేస్తాడు గానీ, కోపం మాత్రం ఏ లైసెన్సూ లేకుండానే తెచ్చుకుంటాడు ఆచారి. ఆ పొద్దు ఆయన్ను మించిన కోపంతో పాతపాళ్యం పటేలు బయ్యప్ప ఒక చేత రైఫలు, ఇంకో చేత మడత కాయితం పట్టుకుని వచ్చి కొలిమి ముందర నిలబడ్డాడు. ఆచారి ఇంటామె మునివెంకటమ్మ వాకిట్లో రాగులు చెరుగుతోంది. నోరు ముందు తెరిచింది పటేలే, ఇంతవరకూ మూయలేదు.

"...కూర్చునేదానికి రాలేదు నేను! సహి పెట్టు ఆచారీ. ఈ కాయితం కింద సహి పెట్టు, నేను పోతా."

"ఏం రాసుండాది అందులో? చదువు పటేలప్పా. మా మునెంకటమ్మ గూడా ఇంటాది."

"ఏముంటాది? ‘పాతపాళ్యం పటేలు రైఫలు మీట నేను మితిమీరి తేలిక చేసినాను. నా తప్పు వల్లనే అది దానంతటది పేలి, జీతగాడు మునినారాయణ కాలికి తగిలినాది. ఇట్లు, కాళాచారి.’ అంతే."

"అంతేనా! నా మెడకు తాడు నేనే పేనుకోని, నేనే తగిలించుకోవల్ల. అంతేనా!"

"పేలింది నిజమా, కాదా?"

"పేలింది నిజమే. దానంతటది పేలింది అబద్ధం."

"ఊర్లో పదిమంది చూసినారు! శెనక్కాయ చేన్లో కుందేలు లేసె. నేనింగా గురి గూడా పెట్టలా. గొట్టం కిందికే ఉండె, వేలు బయటే ఉండె. ఢామ్మనె! ముందర నడస్తాండే మునినారాయణ కూలబడె."

"ఎట్లుండాడు ఆయప్ప?"

"చిక్కబళ్ళాపురం ఆసుపత్రిలో ఉండాడు. పానం నిలిచినాది. పాదం ఉంటాదో పోతాదో తెల్దు... మాట మార్చద్దు నువ్వు! సహి పెట్టు."

"పెట్టను. ముందు నా మాటకి బదులు చెప్పు. ఈ రైఫలు నా తావకి ఎన్నిసార్లు తెస్తివి?"

"ఎన్నిసార్లు తెస్తే ఏమి?"

"మూడుసార్లు! ఉగాదికి తెస్తివి. మీట గట్టిగా ఉండాది, వేలు నొస్తాది అంటివి. సరే, నిజంగానే గట్టిగా ఉండె. అయిదు సేర్ల గుండు తగిలిస్తేగాని పడలా. లోపల పండ్లు రెండూ ఒరుసుకొనే తావ నూనె రాయి మీద రుద్ది రుద్ది మూడు సేర్లకు తెస్తిని. వానలు మొదలైతానే మళ్ళా తెస్తివి. గట్టి, గట్టి, గట్టి! రెండు సేర్లకు దించితిని. గౌరి పండగకి మళ్ళా వస్తివి!"

"గట్టిగానే ఉండె! రాయి నొక్కినట్టుండె!"

"రెండు సేర్లు రాయా? మునెంకటమ్మ చిటికెన వేలితో నొక్కి చూపించలా నీకు? ‘ఇంగ దించితే మనుషుల్ని సంపుతాది, నా వల్ల కాదు పో’ అని నేను అనలా? చేతగాని నాయాలా అని నన్ను తిట్టి పోలా నువ్వు?"

"తిట్నాడు. నేనీ వాకిట్లోనే ఉండా. ఆ పొద్దు గట్టి అని తిట్టిన నోరే ఈ పొద్దు తేలిక అని తిడతాండాది. ఒక తుపాకి రెండూ ఎట్లయితాదప్పా?"

"తుపాకి సంగతి నీకేమి తెలుసమ్మా! లోపలికి పో!"

"పోను. ఆయన లైసెన్సు పోతే ఆయనొక్కడే పస్తుంటాడా? నేనూ ఉండల్ల గదా!"

"స్ప్రింగు తెంపేసినాడు నీ మొగుడు, అదీ సంగతి. అందురూ అంటాండారు."

"ఎవురా అనేది? పిలువు! ఇదేమి పెద్దపులిని కొట్టే తుపాకా? తూటా అంచు మీద కొట్టి పేల్చే చిన్న రైఫలు. స్ప్రింగు మెత్తన చేస్తే దెబ్బ సాలక తూటా పేలనే పేలదు. అది పని తెలీనోడు చేసే పని. ఇటియ్యి రైఫలు! మునెంకటమ్మా, ఆ తూకం గుండ్లు తే. కొక్కెం తే."

"ఏం చేస్తావు?"

"గురువారం అమల్దారు వస్తాండాడు గదా, తప్పు నీదా నాదా అని తేల్చేదానికి? ఆయన ముందర చేసేది ఈ పొద్దే నీకు చేసి చూపిస్తా. ఇదో, కాలిన తూటా లోపల పెడతాండా. ఉత్త గొట్టం మీద కొడితే దాని అంచు చెడతాది. ఇదో, మీటకు ఒక సేరు తగిలిస్తాండా. పడెనా?"

"చూస్తాండా గదా."

"పడెనా? తిట్టేదానికి ఉండాది గదా నోరు, ఇప్పుడు తెరువు!"

"పడలా."

"ఒకటిన్నర. పడెనా?"

"పడలా."

"ఊపతాండా చూడు. తట్టతాండా చూడు. నేలకేసి గుద్దతాండా. పడెనా? ఇదో, రెండు సేర్లు... ఆ! ఇంటివా టక్కుమనేది? నేను దించినకాడే ఉండాది, గురిగింజంత అటూ ఇటూ లేదు. నా బతుకులో నేను చేసిన పనుల్లో ఇంత నున్నగా వచ్చింది ఇదొక్కటే. గురువారం నాకు వేరే సాక్షి వద్దు. ఈ రైఫలే చాలు."

"ఇంగ తీసుకోనిపో పటేలప్పా నీ కాయితం! దేవుడుండాడు మాకు."

"అట్లయితే ఎట్ల పేలె? చెప్పండి ఇద్దురూ! నేను అబద్ధం చెప్తాండానా?"

"అదే నాకూ అర్థం కాలా. ఆ పొద్దు ఎట్ల పట్టుకోనుంటివో అట్లే పట్టుకో. చూద్దాము."

"రైఫలు పట్టుకొనేది నువ్వు నేర్పిస్తావా నాకు? ఇరవై ఏండ్లాయ నేను పట్టబట్టి!"

"నేర్పించను. ఇదో, మీట మళ్ళా ఎక్కించి ఇస్తాండా. పట్టుకో."

"ఇదో. ఎడమ చెయ్యి ఇక్కడ. కుడి చెయ్యి ఇక్కడ. గొట్టం కిందికి. వేలు బయట."

"వేలు యాడ?"

"బయట అంటిని గదా, చెవుడా నీకు? మీట చుట్టూ ఉండే కమ్మీ మీద ఆనుకోనుండాది. ఇట్లే నడస్తాంటిని. ఇట్లే..."

"టక్కుమనె."

"ఏమి?"

"మీట పడె పటేలప్పా. నువ్వే నొక్కితివి."

"నేను నొక్కలా! వేలు బయటుంటే ఎట్ల నొక్కేది?"

"వంగి చూడు. నా మొగం గాదు, నీ చెయ్యి చూడు. నీ వేలు యాడుండాది?"

"కమ్మీ మీద... అరె!"

"మీట మీద ఉండాది గదప్పా! కొక్కెం మాదిరి మడుచుకోని మీట మీదే ఉండాది. నీకు తెలీలా?"

"చెమటకు... చెమటకు జారుంటాది."

"ఇంగొకసారి. కండ్లు మూసుకో. మీట నొక్కు."

"నొక్కతాండా. చూడు, చూడు, కదిలేదే లేదు! గట్టి అంటే నమ్మకపోతివి!"

"నువ్వు నొక్కతాండేది మీట గాదు. కమ్మీ."

"శివశివా! అందుకేనా ఒకపొద్దు గట్టి, ఒకపొద్దు తేలిక!"

"మునెంకటమ్మా, వాకిలి ముయ్యి. పటేలప్పా, చెయ్యి ఇటియ్యి."

"ఇయ్యను."

"ఇయ్యి అంటాండా! ...ఇదేమి పుండు? కాలినాదా?"

"బీడీ తగిలుంటాది."

"ఎప్పుడు?"

"తెల్దు."

"ఇంత లోతుగా కాలితే ఎప్పుడో తెల్దా? ఇదో, గిచ్చతాండా. తెలస్తాండాదా?"

"వదులు!"

"తెలస్తాండాదా?"

"లేదు! లేదు, చాలునా నీకు? ఏడాదిగా ఆ వేలు నాది గాదు!"

"పెద్దరోగం గదా ఇది, కుష్టు."

"మెల్లగా ఆచారీ... నీ కాళ్ళు పట్టుకుంటా, మెల్లగా."

"డాక్టరుకి చూపిస్తివా?"

"చూపిస్తిని. ఉగాదికి ముందే. బెంగళూరు ఆసుపత్రిలో చేరు, సూదులేస్తాము అన్న్యాడు. చేరితే ఊరికి తెలీదా? తెలిస్తే నన్ను ఊర్లో ఉండనిస్తారా? నా ఇంట్లోనే నాకు తట్టలో కూడు పెడతారా?"

"ఉగాదికి ముందే! అంటే నువ్వు మొదటిసారి నా తావకి వచ్చేపొద్దుకే నీకు తెలుసు!"

"తెలుసు. డాక్టరు మాట అబద్ధమయి, తప్పు మీటది అయితే బాగుండునని... నువ్వు ఆ మాటంటే నమ్మేద్దామని మూడుసార్లు వస్తిని."

"థూ! తెలిసి తుపాకి పడితివా! తెలిసి మునినారాయణ ఎనకాల నడిస్తివా! తెలిసే, నా కూట్లో మన్ను పోసేదానికి కాయితం రాసుకోని వస్తివా!"

"కుందేళ్ళు చేన్లో పడితే ఊరంతా నన్నే పిలుస్తారు. ఉన్నట్టుండి రైఫలు పక్కన పెడితే యాల అని అడగరా? తప్పు మీటది కాకపోతే అందురూ నా చెయ్యి చూస్తారు ఆచారీ. చూస్తే ముగిసె నా కథ."

"చూడనీ! నేనిప్పుడే బజార్లోకి పోయి అరుస్తా. మా కడుపు కొట్టేదానికి వచ్చినోని మీద మాకేల జాలి?"

"నోరు ముయ్యే మునెంకటమ్మా!"

"యాల ముయ్యల్ల? ముందర నువ్వు చెప్పు, యాల ముయ్యల్ల?"

"మా అన్న నంజుండాచారి యాడుండాడు?"

"కోలారు బంగారు గనుల్లో. అదిప్పుడేలయ్యా?"

"గనుల్లో లేడు. మురుగమల్ల దర్గా కాడ ఉండాడు, చిప్ప పట్టుకోని. అది గూడా మణికట్ల మధ్య పట్టుకోని. వేళ్ళు లేవు. ఇట్లే ఒక వేలితో మొదలాయ ఆయనకు. ఊరు ఊరే రాళ్ళేసి తరిమె. పదారేండ్లోణ్ణి, ఆ గుంపులో నేనూ ఉంటిని. నేనూ రాయి ఎత్తితిని."

"పన్నెండేండ్లాయ మన పెండ్లయి! ఒక్క మాట చెప్పకపోతివే నాకు!"

"ఏ మొగం పెట్టుకోని చెప్పేది?"

"ఆచారీ, నేను..."

"నువ్వు మాట్లాడద్దు! నీ మొగం చూస్తాంటే నా కడుపు కాలిపోతాండాది. నీలాంటోడు గాదు మా అన్న, ఎవురి కాలూ తియ్యలా. వదులు రైఫలు! వదులు అంటాండా! సుత్తి యాడ?"

"ఏం చేస్తావు? ఆచారీ! ఆచారీ!"

"అయ్యో! ఒద్దయ్యా! నీకేమన్నా పిచ్చా! మీట ముక్కలు ముక్కలు చేస్తివే! గురువారం మనకుండే సాక్షి అదొక్కటే గదా!"

"అది సాక్షి చెప్పి నన్ను కాపాడితే, ఊరు మళ్ళా రాళ్ళెత్తుతాదే. ఇంగ ఎవురూ తూకం వేసేదానికి లేదు. పటేలప్పా, నీకు చెప్పేది విను. రేపు మొదటి బస్సుకి పోయి ఆసుపత్రిలో చేరల్ల. మునినారాయణకు బతికినంతకాలం కూడు నువ్వే పెట్టల్ల. ఒక్కపొద్దు తప్పితివా, పాతపాళ్యంలో నడివీధిన నిలబడి నేనే అరుస్తా. ఏడస్తావేల, ఏడస్తే నాకింగా కోపమొస్తాది! ఆ కాయితం ఇటియ్యి. సహి యాడ పెట్టల్ల?"