మూలన కాస్త ఎరుపు

అది కాదు దొరగారూ, ఎర్రరంగు పూయడానికి ఊళ్లో ఇంకెవరి తలా దొరకలేదా మీకు? మొగుడు పోయినదాన్ని, నా తలే కావాల్సొచ్చిందా?

కూర్చోను. కింద పొయ్యి మీద మకరోనీ ఉడుకుతోంది. ఈ ఫిలొమేనా కొట్టొదిలి మీ మేడ మెట్లెక్కిందంటే ఎంత మంట మీదుందో మీరే అర్థం చేసుకోండి.

మా సందు బొమ్మ వేస్తానన్నారు, సరేనన్నాం. నా గంగాళం, ఎదురుగా మంగలి కొట్టు ముందు నిలబడ్డ అనియెల్లో, పక్కన గాడిద, అన్నీ అచ్చుగుద్దినట్టు వేశారు. నా నల్ల తలగుడ్డ మాత్రం ఎర్రగా వేశారు! పైగా రంగు ఆరాలని బాల్కనీలో నిలబెట్టారు. నేపుల్స్‌లో బాల్కనీలో పెట్టడమంటే దండోరా వేయించడమే కదండీ!

మీ దేశంలో ఎలాగో గానీ, ఇక్కడ విధవ నలుపు తీసిందంటే మళ్లీ పెళ్లికి ఒప్పుకున్నట్టే.

ఏంటీ? ఆ మూలన కాస్త ఎరుపు పడకపోతే బొమ్మ చచ్చినట్టుంటుందా? చచ్చింది మా ఆయన దొరగారూ, బొమ్మ కాదు!

మా అత్త బ్రిజిదా మంచినీళ్లు కూడా ముట్టనంది. మకరోనీ తిందిలెండి, అది వేరే విషయం. "ఆ తల మీద నలుపు పడేదాకా నా గడప తొక్కకు" అంది.

ఇక ఆ అనియెల్లో! ఊరందరి గడ్డాలూ గీసి తన గడ్డం మర్చిపోయే మనిషి. పొద్దున నున్నగా గీసుకుని, టోపీ చేత పట్టుకుని నా కొట్టుకి తినడానికొచ్చాడు. "బొమ్మలో ఉన్నది నిజమేనా ఫిలొమేనా?" అన్నాడు. "ఛ, దొరగారి పొరపాటు" అన్నాను. తింటున్న మకరోనీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు పాపం. నా చేతి వంట ఎవరైనా వదలడం నేనెప్పుడూ చూళ్లేదు. మనసు చివుక్కుమందండీ.

ఆఁ, నలుపు కలిపారా? వేసెయ్యండి మరి.

ఆగండాగండి! ఆ కుంచె కింద పెట్టండి.

ఏం లేదు... ఎరుపులో నా మొహం ఇంత బావుంటుందని ఎవరూ చెప్పలేదే నాకు! నిజం చెప్పేస్తున్నా. నిన్న కింద నుంచి ఈ బొమ్మ చూసినప్పుడు ముందు కోపం రాలేదు. సంతోషమేసింది. అత్త మొహం చూశాకే కోపం తెచ్చుకున్నా.

రంగు ఆరిపోయింది, ఇక మారదన్నారని అత్తకి చెప్తా. తలుపేసుకుంటే వేసుకోనివ్వండి.

ఒక్క దిద్దుబాటు మాత్రం చెయ్యాలి మీరు. అనియెల్లో గాడిద వైపు చూస్తున్నాడేంటండీ? ఆయన తల కాస్త ఇటు తిప్పండి.