ఆయుధపూజ నాడు విప్పిన రింగు

నా పేరు లక్కోజు కాంతం. భర్త కీర్తిశేషులు లక్కోజు బ్రహ్మయ్య. వయసు డెబ్బై ఎనిమిది అని పాస్‌పోర్టులో ఉంది, అదే రాయండి. సొంతూరు కృష్ణా జిల్లా పామర్రు దగ్గర. వృత్తి వడ్రంగం. ఆయన పక్కన యాభై ఏళ్లు పని చేశాను కనుక వడ్రంగం అనే రాయండి, గృహిణి అని రాయవద్దు. చదువు లేదు. రెండేళ్లుగా, తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద ఈ దేశం వచ్చి, ఈ మిల్టన్ ఊళ్లో మా అమ్మాయి సూర్యకుమారి, అల్లుడు వీరభద్రరావు ఇంట్లో ఉంటున్నాను. నాకు ఇక్కడ ఏ లోటూ లేదు.

ఈ రోజు 2023 నవంబరు 7, మంగళవారం. ఉదయం పదకొండు గంటలకు పోలీసు స్టేషన్‌లో కూర్చుని చెబుతున్నాను. నేను చెప్పింది చెప్పినట్టు దుబాసీ పద్మిని గారు తెలుగులో రాసి, ఆఫీసరు గారికి ఇంగ్లీషులో చెబుతారు. నన్ను ఎవరూ పిలవలేదు. నేనే వచ్చాను.

ముందు అసలు మాట రాయండి. మా అల్లుడి తూటాలు బిగుసుకుపోవడానికి కారణం బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న జెస్లిన్ కాదు. నేను.

మా అల్లుడికి జింకల వేట సరదా. లైసెన్సు ఉంది. చేత్తో గడియ లాగి మూసే రైఫిల్ ఉంది. దాని తూటాలు గరాజులో ఆయనే తయారు చేసుకుంటాడు. కాల్చిన తూటా ఇత్తడి డొల్ల ఉబ్బుతుంది. దాన్ని బల్లకు బిగించిన ప్రెస్సులో పెట్టి, ఇనప అచ్చులోకి నొక్కితే మళ్లీ కొలతకు వస్తుంది. తర్వాత అడుగున నిప్పు పుట్టించే కొత్త టోపీ, లోపల మందు, మూతి దగ్గర గుండు పెడతాడు. నేను రోజూ కుర్చీ వేసుకుని చూస్తాను. పని బాగా చేస్తాడు. చేతిలో శుభ్రం ఉంది. ఆ మాట కూడా రాయండి.

అక్టోబరు 28, శనివారం ఆయన నలభై తూటాలు చేశాడు. నవంబరు 4, శనివారం ఉదయం పది గంటలకు గురి చూసుకోవడానికి షూటింగ్ రేంజికి వెళ్లాడు. వేసవిలో చేసిన తూటాలు ఆరు మిగిలితే అవి నున్నగా పోయాయట. మొన్న చేసినవి పెడితే గడియ మూసుకోలేదట. అరచేత్తో కొట్టి మూశాడట. మూడోది మధ్యలో బిగిసిపోయి అటూ రాదు, ఇటూ పోదు. రేంజి మనిషి జాగ్రత్తగా తీసి ఇచ్చాడు.

ఒకటిన్నరకు ఇంటికొచ్చాడు. అన్నం తినలేదు. "నా సామాను మీద ఎవరో చెయ్యి పెట్టారు. మొహం మీద పేలి ఉంటే ఏంటి?" అన్నాడు. గరాజులోంచి నడిచేది ఎవరు అంటే జెస్లిన్. బేస్‌మెంట్ మెట్లు అటునుంచే. ఆ ప్రెస్సు పక్కనే ఆ పిల్ల బియ్యం బస్తా ఉంటుంది.

జెస్లిన్‌ది చీరాల. కాలేజీలో చదువుతూ వాన్ అనే ఊళ్లో ఒక వేర్‌హౌస్‌లో షిఫ్టు చేస్తుంది. చదువులకని వేలమంది పిల్లలు వచ్చేశారు, పనులు లేవు, ఇళ్లు లేవు అని టీవీలో రోజూ చెబుతున్నారు కదా, ఆ వేలల్లో ఒకతె. నన్ను అమ్మమ్మ గారూ అంటుంది.

"నువ్వు తిప్పావా ఆ ప్రెస్సుని?" అని మా అల్లుడు అడిగాడు.

"అంకుల్, అదేంటో కూడా నాకు తెలీదు. నేను బియ్యం తీసుకుని వెళ్తానంతే."

"తెలీకుండా తిప్పి ఉంటావు. ఒప్పుకుంటే పోయేది."

"చెయ్యనిది ఎలా ఒప్పుకోను అంకుల్?"

ఆయన పోలీసులకు ఫోన్ చేశాడు. ఆదివారం నాలుగింటికి ఈ ఆఫీసరు గారే వచ్చారు. రైఫిల్ తాళం పెట్టె చూసి అంతా సరిగ్గానే ఉందన్నారు. జెస్లిన్‌ను మంగళవారం రెండింటికి స్టేషన్‌కు రమ్మన్నారు. ఆయన వెళ్లాక నేను కిందికి దిగాను. ఆ పిల్ల సూట్‌కేసు సర్దుతోంది. చెప్పులు ఒక కవరులో, బైబిలు ఇంకో కవరులో.

"పోలీసు కాగితంలో నా పేరు ఎక్కితే నా స్టడీ పర్మిట్ ఏమవుతుంది అమ్మమ్మ గారూ?"

"ఏమీ అవదు. అది విప్పు" అన్నాను.

సూట్‌కేసు విప్పలేదు.

సోమవారం ఉదయం తొమ్మిదింటికి అమ్మాయి డ్యూటీకి వెళ్లింది. మా అల్లుడు వేటకోసం సెలవు పెట్టి, వేటకు పోలేక గరాజులో కూర్చున్నాడు. నేను వెళ్లాను.

"ఏమయ్యా, బిగిసేది గుండా, డొల్లా?"

"పొడవు కరెక్టే అత్తయ్యా. నాలుగుసార్లు కొలిచాను."

"కొలత అబద్ధమాడదు. నువ్వు కొలిచిన చోటు వేరేమో. గుండు లేని డొల్ల పెట్టి చూడు."

ఆ రోజు అచ్చులో నొక్కి ఇంకా నింపని డొల్లలు పది మిగిలాయి. టోపీ లేదు, మందు లేదు, వట్టి ఇత్తడి. రైఫిల్ పెట్టె తాళం ఆయనే తీశాడు. రైఫిల్ ఆయనే పట్టుకున్నాడు. నేను రైఫిల్ ముట్టుకోలేదు, ఇది గట్టిగా రాయండి. వట్టి డొల్ల పెట్టినా గడియ బిగిసింది. గుండు తప్పు కాదని తేలిపోయింది.

తలుపు చట్రంలో బిగిస్తే మా ఆయన అంచుకు మసి, ఆముదం కలిపి రాసి మూసేవాడు. ఎక్కడ మసి చెరిగితే అక్కడ చిత్రిక పట్టేవాడు. నేను కళ్లకు చలవ అని కాటుక పెట్టుకుంటాను. ఆ భరిణె తెచ్చి డొల్లకు చుట్టూ పూశాను.

"నా రైఫిల్‌లో కాటుకా?" అన్నాడు.

"కళ్లల్లో పెట్టుకునేది ఇనుమును ఏం చేస్తుంది? తర్వాత తుడుచుకో."

పెట్టి, మూసి, తీశాడు. ఒళ్లంతా నల్లగానే ఉంది. మెడ నల్లగానే ఉంది. మెడకూ ఒంటికీ మధ్య భుజం వంపు దగ్గర మాత్రం కాటుక చెరిగి, సన్న గాజు తొడిగినట్టు చుట్టూ మెరిసింది.

"భుజం ఎత్తుగా ఉంది. నీ అచ్చు పూర్తిగా కిందికి దిగడం లేదు" అన్నాను.

ప్రెస్సు పిడి లాగి చూశాడు. అచ్చుకూ డొల్ల కూర్చునే పీటకూ మధ్య వెలుతురు కనిపించింది. తమలపాకు పట్టేంత సందు. పక్కలు నలుగుతున్నాయి, భుజం వెనక్కి తగ్గడం లేదు.

"చూశారా! నేను రింగు బిగించే పెట్టాను. తిప్పారు. నేనన్నది అదేగా!"

"విప్పు, చూద్దాం" అన్నాను.

అచ్చును పట్టి ఉంచే రింగు విప్పాడు. దాని కింద మరచుట్లలో కుంకుమ ఉంది. పసుపు ఉంది. కొబ్బరినూనె వాసన వచ్చింది.

ఆ పిల్ల క్రైస్తవురాలు. ఇనుముకు బొట్టు పెట్టదు.

అక్టోబరు 23, సోమవారం, మహర్నవమి. ఉదయం పదింటికి ఇంట్లో నేనొక్కదాన్నే. గరాజులో ఆయుధపూజ చేశాను. రంపం, సుత్తులు, డ్రిల్లు, గడ్డి కోసే మిషను, అన్నిటికీ చేశాను. మా ఇంట్లో పూజ అంటే పైపైన బొట్టు కాదు. విప్పదగింది విప్పి, తుడిచి, నూనె రాసి, బొట్టు పెట్టి, మళ్లీ బిగించాలి. ప్రెస్సు కూడా పనిముట్టే. అచ్చు విప్పాను. రింగుకున్న చిన్న మర వదులు చేసి రింగూ తీశాను. అన్నీ చేసి, చేతికి బిగువు తగిలేదాకా తిప్పి పెట్టాను. విప్పేముందు ఎక్కడుందో గీత పెట్టుకోవాలి. యాభై ఏళ్లు పని చేసినదాన్ని, ఆ గీత పెట్టుకోలేదు. పైనున్న బొట్లు మా అల్లుడు తుడుచుకున్నాడు కానీ, నేను విప్పానని ఆయనకు తోచలేదు. నాకూ తోచలేదు.

తర్వాత అచ్చును కొంచెం కొంచెంగా కిందికి తిప్పాడు. తిప్పినప్పుడల్లా ఒక డొల్ల నొక్కి రైఫిల్‌లో చూశాడు. నాలుగోసారి గడియ దానంతట అదే పడినట్టు పడింది. ఆ శబ్దం బాగుంది. మళ్లీ వేయమన్నాను, మళ్లీ వేశాడు. నాకు ఎంత సంతోషం వేసిందో ఆఫీసరు గారికి చెప్పండి. ఈ దేశం వచ్చాక నా చేతికి పని దొరికింది. బిగిసిన తూటాలన్నీ గుండ్లు పీకి మొదటినుంచి చేస్తానన్నాడు. అది మంచి పద్ధతి.

సాయంత్రం అమ్మాయి విని భయపడింది. "అమ్మా, నువ్వు స్టేషన్‌కి వెళ్లకు. నీ వీసాకి ఏమైనా అవుతుంది" అంది.

"నేను ఫోన్ చేసి ఏదో పొరపాటు జరిగిందని చెప్పేస్తాలే అత్తయ్యా" అన్నాడు మా అల్లుడు.

"ఏదో అంటే ఏది? ఎవరు చేశారో చెప్పకపోతే అనుమానం ఆ పిల్ల మీదే ఉంటుంది. నేరం మోపేటప్పుడు పేరుతో మోపావు. తీసేటప్పుడు పేరు లేకుండా తీస్తావా?" అన్నాను.

ఈ ఉదయం కారు తీసింది ఆయనే.

ఇది ప్రమాదమని నాకు తెలుసా అని ఆఫీసరు గారు అడుగుతున్నారు. అప్పుడు తెలియదు, ఇప్పుడు తెలుసు. ఇకమీదట ఆ ప్రెస్సుకు దూరం నుంచే దండం పెడతాను. నా మీద ఏం రాసుకోవాలో రాసుకోండి. నా మీద కేసు ఏమీ లేదని అంటున్నారు. సరే.

సంతకం పెట్టమంటున్నారు. పెట్టను. ముందు మా అల్లుణ్ణి లోపలికి పిలవండి.

(వీరభద్రరావు గారు లోపలికి వచ్చి, జెస్లిన్ మీద ఇచ్చిన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు రాసి సంతకం చేశారు. — పద్మిని)

ఇప్పుడు ఆ పిల్లకు ఫోన్ చేసి, రెండింటికి రానక్కర్లేదని ఆఫీసరు గారి నోటితో చెప్పమన్నాను. చెప్పారు. ఫోను నాకిచ్చారు. అవతల జెస్లిన్ ఏడుస్తోంది.

"ఏడవకే. సూట్‌కేసు విప్పావా?"

"విప్పుతున్నా అమ్మమ్మ గారూ."

జిప్పు లాగిన చప్పుడు నా చెవులతో విన్నాను. అది కూడా రాయండి.

పైన రాసినదంతా నా నోటి మాటే. ఎవరి బలవంతమూ లేదు. పద్మిని గారు మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించారు. ఇందులో జెస్లిన్ పేరు ఎన్నిసార్లు వచ్చినా, తప్పు చేసినదానిగా ఒక్కచోటా లేదని అడిగి తెలుసుకున్న తర్వాతే వేలు సిరాలో పెట్టాను.

లక్కోజు కాంతం, ఎడమచేతి బొటనవేలి ముద్ర
రాసి, చదివి వినిపించినవారు: పద్మిని
మధ్యాహ్నం 12 గంటల 40 నిమిషాలు