దించని గరగ

అమలాపురంలో హైస్కూలు పిల్లల కళాపోటీలు. నెత్తిన అమ్మవారి కలశం పెట్టుకుని ఆడే గరగ నాట్యానికొచ్చిన అమ్మాయి తండ్రి డప్పు భుజానేసుకుని విసురుగా హాలు బయటికొచ్చేసేడు. వెనకే టీచరుగారు.

“కోప్పడకండి, బాబాయిగారూ. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చేరు.”

“రానివ్వండి. మా పిల్ల నెత్తిన పొద్దుటే గరగెత్తించి, గేటు దగ్గర నిలబెట్టిందెవరండి?”

“స్వాగతానికి అందంగా ఉంటుందని నిర్వాహకులన్నారండి.”

“అది అమ్మవారి గరగండి, పూలకుండీ కాదు. ఒకసారి ఎత్తుకుంటే ఆట అయ్యేకే దించాలి. ఆ సంగతి చెప్పలేదా?”

“ఆయ్, చెప్పేనండి. కాసేపు కుర్చీలో పెట్టుకోమన్నారు.”

“ఛీ! ఆ పెద్దమనిషి కారు దిగి, పక్కన నిలబడి సెల్ఫీ తీసుకున్నాడండి. పిల్ల మెడ వణికిపోతుంటే నవ్వమ్మా అన్నాడు. మన కళల్ని కాపాడుకోవాలని మైకులో అరిచి, భోజనానికెళ్ళిపోయేడు. ఆయన వెనకాలే జడ్జీలూను!”

“పిల్లలందరికీ సర్టిఫికెట్లు ఇస్తారంటండి.”

“ఆడకుండానే?”

“వచ్చినందుకండి.”

“థూ! ఆ కాయితం ముట్టుకుంటే చెయ్యి కడుక్కోవాలి. పిల్లని రమ్మనండి, పోతాం.”

“రానంటోందండి. ఆడకుండా గరగ దించనని, స్టేజీ ఎక్కేసింది. ఖాళీ కుర్చీల ముందు ఒక్కత్తే ఆడుతోంది.”

“డప్పు లేకుండానా?”

“డప్పు మీ భుజానుంది కదండీ, బాబాయిగారూ.”