ఒక మెట్టు పైన

ముప్పై ఏళ్లు హార్మోనియంలకు శ్రుతి సరిచేసిన తండ్రి చెవికి కూతురు కొత్త వినికిడి మిషన్ పెట్టింది. బాల్కనీ తలుపు తెరిచే ఉంది.

“చెడిపోయిన మిషన్ తెచ్చావే. షాపులో తిరిగి ఇచ్చెయ్.”

“పెట్టి రెండు నిమిషాలు కాలేదు నాన్నా! ఏం వినిపిస్తోంది?”

“పిట్ట కూత. ఈ వీధిలో పిట్టలు వెళ్లిపోయి పదేళ్లయింది కదా?”

“ఎక్కడికీ పోలేదు. రోజూ కూస్తూనే ఉన్నాయి. నీకే వినపడలేదు.”

“అయితే శ్రుతి ఎందుకు తప్పుతోంది? అప్పట్లో ఈ పిట్ట కూతకి నా హార్మోనియం పెట్టె మీద ఏ మెట్టు నొక్కాలో నాకు తెలుసు. ఇప్పుడు ఒక మెట్టు పైన కూస్తోంది. మిషన్‌దే తప్పు.”

“అమ్మో, నీ చెవి ఇంకా అంత పదునుగా ఉందా! తప్పు మిషన్‌ది కాదు నాన్నా. కింద పెద్ద రోడ్డు పడింది కదా. తగ్గు శ్రుతిలో కూసిన పిట్టల పాట లారీల హోరులో జతకి వినపడలేదు. పై శ్రుతిలో కూసినవాటికే జత దొరికింది, పిల్లలయ్యాయి. ఇవి ఆ పిల్లల పిల్లలు.”

“అంటే రోడ్డుని బట్టి శ్రుతి మార్చేసుకున్నాయా? నన్నొక మాట అడగకుండానే!”

“అమ్మ మాత్రం నిన్నడిగే గొంతు పెంచిందా?”

“మీ అమ్మ పెంచింది లారీల కోసం కాదులే, నా కోసం.”

“సరే, షాపు ఆరింటికి మూసేస్తారు. మిషన్ ఇటివ్వు.”

“చెయ్యి తియ్యవే! దాని పాట పూర్తి కానియ్యి.”