తుడిచే చెయ్యి

రాగిరేకు మీద తాను చెక్కిన బొమ్మను అచ్చు తీసి, నేర్పే టీచరమ్మ ముందే కాగితం ఎత్తి చూసుకున్నాడతను. మూడోసారీ వెలవెలబోతూనే వచ్చింది. ఉండ చుట్టి మూలకు విసిరాడు.

“గీతలన్నీ ఎటుపోయాయి టీచరమ్మా? వారం రోజులు చెక్కి చచ్చాను.”

“గీతల్లో ఉండాల్సిన సిరా అంతా మీ గుడ్డలో ఉంది. సిరా పూసిన రేకును పైపైన తుడవమంటే మాడిన గిన్నె తోమినట్టు తోమారు.”

“హోటల్లో బల్లలు తుడిచాను, బస్సుల అద్దాలు తుడిచాను. మరక కనిపిస్తే ఈ చెయ్యి ఊరుకోదు.”

“ఊరుకోవడమే ఇక్కడ నేర్చుకోవాలి.”

“నావల్ల కాదు. రేపట్నించి రాను, మీకో దండం.”

“పొద్దున మీ ఆవిడ ఫోన్ చేసింది.”

చెప్పులో దూర్చిన కాలు అక్కడే ఆగింది.

“పుట్టింట్లో కూర్చుని నాతో మాట్లాడదు గానీ, మీతో మాట్లాడుతుందా? ఏమంది?”

“ఏ పనిలోనూ నెల నిలవరట మీరు. ఇందులోనైనా నిలిస్తే తిరిగొస్తానంది. అప్పుడే మానేశారా అని అడిగింది.”

“మీరేమన్నారు?”

“సాయంత్రం చెప్తానన్నాను.”

అతను కిటికీలోంచి ఎండ ఎంతుందో చూశాడు. చెప్పు విదిలించి లోపలికొచ్చాడు.

“ఆ సిరా ఇటివ్వండి. మీరు మాత్రం తొందరపడి ఫోన్ చెయ్యకండి.”