పద్నాలుగో నంబరు బస్సు

చూపు పోయిన ఆ రిటైర్డ్ కండక్టరు ప్రతి బుధవారం లైబ్రరీకి వస్తారు. పుస్తకాలు చదివి వినిపించే అమ్మాయి ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఇవాళ అన్నీ మన ఊరి మీద పుస్తకాలే, తాతగారూ. ఇది టూరిస్టులది. 'చిరునవ్వుతో పలకరించే జనం...'"

"వాళ్ళెవరో నా బస్సెక్కలేదమ్మా. లోపలికి జరగమంటే నా మీద ఎగిరినవాళ్ళే అందరూ."

"పోనీ, డిటెక్టివ్ నవల. 'ఆ చీకటి సందులో ప్రతి కిటికీ వెనకా ఓ హంతకుడు.'"

"ఆ కిటికీల వెనక కుట్టుమిషన్లుంటాయి. ఇంకోటి తియ్యి."

"కవిత్వం. 'నగరమా, నువ్వు నిద్రపోని సముద్రానివి.'"

"ఎందుకు నిద్రపోదూ? ఆఖరి బస్సు వెళ్ళాక కుక్క కూడా కనపడదు."

"మరేం చదవమంటారు?"

"పాత బస్సుల టైంటేబుల్ ఉందేమో చూడు. పద్నాలుగో నంబరు."

"ఉంది గానీ, అందులో స్టాపుల పేర్లు తప్ప ఏముంటాయి?"

"అవే చదువు."

"డిపో గేటు, ఆరూ పది. నీళ్ళ ట్యాంకు, ఆరూ పదిహేను. ప్రసూతి ఆసుపత్రి, ఆరూ ఇరవై..."

"ఆగమ్మా."

"ఏమైంది?"

"మా ఆవిడ అక్కడ నర్సు. నైట్ డ్యూటీ దిగి నా బస్సే ఎక్కేది. ఒక్కనాడూ టైముకి రాలేదు. డ్రైవరు హారన్ మోగిస్తున్నా నేను రైట్ చెప్పేవాణ్ణి కాదు."

"రోజూనా?"

"రోజూ. ఆవిడ పోయాక నాకు దేనికీ ఆలస్యం కావట్లేదు."

"తర్వాతి స్టాపు చదవనా, తాతగారూ?"

"అప్పుడే రైట్ చెప్పకమ్మా. రోడ్డు దాటుతూ ఉంటుంది."